నాన్న దిద్దిన వంకర పన్ను

మన గొప్ప మనమే చెప్పుకోకూడదని మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది. కానీ ట్రంపెట్ వాయించేవాళ్ళకి ఆ నీతి పనికిరాదు. ఆర్కెస్ట్రాలో వయొలిన్లవాళ్ళు గుంపుగా ఉంటారు. ఒకరి చెయ్యి తడబడినా పక్కవాళ్ళు కప్పేస్తారు. మాకు ఆ సౌకర్యం లేదు. హాలంతా ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు ఆ మొదటి స్వరం నేను ఒక్కదాన్నే వాయించాలి. అది జారిందంటే ఆఖరి వరసలో కునుకు తీస్తున్న పెద్దాయన కూడా కళ్ళు తెరుస్తాడు. అందుకని వాయిద్యం పెదవులకి ఆనించే ముందే ‘ఇది నాకు వచ్చు’ అని గట్టిగా అనుకోవాలి. అనుకోకపోతే నిజంగానే రాదు. నేను బాగా వాయిస్తాను. ఈ మాట రాయడానికి నాకేమీ సిగ్గుగా లేదు.

ఇల్లినాయ్‌లోని అరోరాలో పుట్టి పెరిగాను. ఇలా తెలుగు రాయగలగడం మా అమ్మ పుణ్యం. ఆదివారాలు గుడి బేస్‌మెంట్‌లో పిల్లలకి అక్షరాలు దిద్దించేది, అందరికంటే ఎక్కువ చీవాట్లు నాకే. మాట్లాడితే మాత్రం నా యాస విని ఇప్పటికీ ఆంటీలు ముసిముసిగా నవ్వుతారు. నవ్వనీ.

మా నాన్న పళ్ళ డాక్టరు. గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడ మళ్ళీ చదివి, మళ్ళీ పరీక్షలు రాసి, ఒక లాండ్రీకీ పిజ్జా షాపుకీ మధ్య క్లినిక్ పెట్టుకున్నాడు. మా చుట్టుపక్కల తెలుగు పిల్లలందరి పళ్ళూ ఆయన చేతి చలవ వల్లే వరసలో నిలబడ్డాయి. గుడిలో ఎదురుపడిన పిల్లల్ని ఆయన ‘బాగున్నావా’ అని అడగడు. ‘ఏదీ, ఈ అను’ అంటాడు. వాళ్ళు ఇకిలిస్తే తృప్తిగా తలాడించి ప్రసాదం వైపు నడుస్తాడు.

అంతటివాడి కూతురికి పైవరసలో ముందు పన్ను ఒకటి వంకర. పక్క పన్ను మీదకి కాస్త వాలి, మూల కొంచెం ముందుకి వచ్చి ఉండేది. దీపం కింద చీకటి అంటారే, అది నేను.

స్కూల్లో బ్యాండ్‌లో చేరేటప్పుడు ఒక్కొక్క వాయిద్యమూ ఇచ్చి ఊది చూడమంటారు. అమ్మకి నేను ఫ్లూట్ తీసుకోవాలని ఉంది. కృష్ణుడి చేతిలో ఉన్నది అదే కదా. ఊదీ ఊదీ నా కళ్ళు తిరిగాయి కానీ ఫ్లూట్ నోట మాట లేదు. ఆ తర్వాత ట్రంపెట్ ఇచ్చారు. మొదటి ఊపిరికే అది గదిలోని పిల్లలందరినీ వెనక్కి తిప్పి చూసేలా అరిచింది. మా బ్యాండ్ టీచరు దగ్గరికొచ్చి నా పెదవులనీ పళ్ళనీ పరీక్షగా చూసి నవ్వింది. ట్రంపెట్ పైపెదవి మీద ఆనుతుంది, పెదవి వెనక పన్ను దానికి గోడ. నా గోడ ఒక పక్క కొంచెం ముందుకి ఉండబట్టి, పెదవుల మధ్య గాలికి సరిగ్గా కావలసినంత సందు దొరుకుతోందట. మిగతా పిల్లలు కష్టపడి తెచ్చుకునేది నాకు వంకర పన్ను ఊరికే ఇచ్చింది.

ఈ సంగతి నాన్నకి రుచించలేదు. నేను మిడిల్ స్కూల్‌కి వచ్చేసరికి ఒక రోజు క్లినిక్‌లో కూర్చోబెట్టి, నోట్లో గులాబీరంగు ముద్ద పెట్టి అచ్చు తీశాడు. దానితో తెల్లటి ప్లాస్టర్ పళ్ళు పోశాడు. ఇక పళ్ళని వరసలోకి లాగే బ్రేసెస్ వేయడమే తరువాయి.

“నో వే నాన్నా. నా సౌండ్ పోతుంది,” అన్నాను.

“సౌండ్ ఏంటే, సౌండు! నా కూతురి నోరు చూసి నా దగ్గరికి పేషెంట్లు వస్తారా?”

“నోరు మూసుకుని ఉంటాను, ఓకే?”

“అదొక్కటీ నీ వల్ల కాదు,” అన్నాడు నాన్న.

ఆ ఇంట్లో మొండితనం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పక్కర్లేదు. అమ్మ మధ్యలో పడి ‘దాని పన్ను, దాని ఇష్టం’ అంది. నాన్న అప్పటికి ఊరుకున్నాడు, ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి నేను సాధన మొదలుపెట్టగానే లేచి గరాజ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. నా చప్పుడు భరించలేక పారిపోతున్నాడనే అనుకున్నాను. ఉక్రోషంతో ఇంకా గట్టిగా వాయించేదాన్ని.

నేను హైస్కూల్లో ఉండగా నాన్న స్నేహితుడి కూతురి పెళ్ళి గుడి హాల్లో జరిగింది. అప్పట్లో మా ప్రాంతంలో సన్నాయి వాయించేవాళ్ళు దొరికేవారు కాదు, మేళమంతా క్యాసెట్టే. మంగళసూత్రం కట్టే వేళ పంతులుగారు ‘గట్టిమేళం’ అనగానే సన్నాయీ డోలూ ఒక్కసారిగా హోరెత్తాలి. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి చెడ్డమాటా వధూవరుల చెవిన పడకూడదని పెద్దలు చేసిన ఏర్పాటు అది. అప్పుడు పెళ్ళిపెద్దలు మేళగాళ్ళ వైపు తిరిగి చూపుడువేలు ఎత్తి ఆడిస్తారు. క్యాసెట్‌కి వేలి భాష తెలియదు కాబట్టి టేప్‌రికార్డర్ బటన్ నొక్కే బాధ్యత నాన్నకి అప్పజెప్పారు. నాన్న దాన్ని ఆపరేషన్ అంత శ్రద్ధగా తీసుకున్నాడు.

ఆ పొద్దున నాకు స్కూల్ బ్యాండ్‌తో పరేడ్ ఉంది. అది అయిపోగానే కారు వెనక సీట్లో యూనిఫాం విప్పి లంగా ఓణీ చుట్టుకుని హాల్లోకి పరిగెత్తాను. బయట చలికి ట్రంపెట్ బిగుసుకుపోతుందని దాన్ని కూడా తెచ్చి కుర్చీ కింద పెట్టుకున్నాను.

పంతులుగారు ‘గట్టిమేళం’ అన్నారు. నాన్న నొక్కాడు. టేప్‌రికార్డర్ ఒక్క మూలుగు మూలిగి, కీచుమని, టేపును నమిలేసింది. హాలంతా నిశ్శబ్దం. పెళ్ళికొడుకు సూత్రం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ముందు వరసలో ఒక అంకుల్ తుమ్మడానికి సిద్ధంగా ముక్కు ఎగరేసి, నోరు తెరిచి ఉన్నారు. నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన చుట్టూ చూసి, చూసి, చివరికి నా వైపు తిరిగి చూపుడువేలు ఎత్తి గబగబా ఆడించాడు.

ట్రంపెట్ తీశాను. నాకు సన్నాయి పాటలేవీ రావు. మా ఫుట్‌బాల్ టీమ్ టచ్‌డౌన్ చేసినప్పుడు స్టేడియంలో వాయించే ముక్క మాత్రం నిద్రలో లేపినా వస్తుంది. అదే వాయించాను, ఉన్న ఊపిరంతా పెట్టి, మళ్ళీ మళ్ళీ. సూత్రం పడింది, అక్షతలు పడ్డాయి. అంకుల్‌కి తుమ్ము వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. ఆ దంపతులు ఇప్పటికీ శుభ్రంగా కాపురం చేసుకుంటున్నారు, అందులో నా వాటా ఎంతో కొంత ఉందని నా నమ్మకం.

కారులో ఇంటికి వస్తుంటే నాన్న “పన్ను సంగతి తర్వాత చూద్దాంలే,” అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. గరాజ్‌లోకి వెళ్ళడం మాత్రం మానలేదు.

సంగీతమే చదివాను, సంగీతంతోనే బతికాను. తెలుగువాళ్ళ పార్టీల్లో ప్రతి అంకుల్‌తోనూ ఒకటే సంభాషణ. “అది సరేనమ్మా, జాబ్ ఏం చేస్తున్నావ్?” “ఇదే అంకుల్, జాబ్.” “అది కాదమ్మా, మెయిన్‌గా?” మెయిన్‌గా కూడా ఇదే అని చెప్తే ఆయన జాలిగా నా ప్లేట్లో ఇంకో గారె వేసేవారు. తిన్నాను. గారెలకి నా మీద జాలి లేదు కదా.

సొంత ఆర్కెస్ట్రా అంటూ లేని ట్రంపెట్‌వాళ్ళు ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్తారు. ఈస్టర్ ఆదివారం చర్చీలన్నిటికీ ట్రంపెట్ కావాలి, మాకు అది కోతలకాలం. నాటకాల స్టేజి ముందు వాద్యాలవాళ్ళ గుంటలో కూర్చుని వాయించాను, అంత్యక్రియల్లో వాయించాను. టెక్సస్‌లో ఫ్రిస్కో నుంచి కాలిఫోర్నియాలో శాన్ రామన్ దాకా తెలుగు పెళ్ళిళ్ళలో వాయించాను. పార్టీల్లో నా అసలు పేరు తెలియనివాళ్ళకి కూడా గట్టిమేళం అమ్మాయి అంటే తెలిసేది. ఏ పనినీ చిన్నచూపు చూడలేదు. కానీ మనసులో ఒక కుర్చీ ఉండేది. పెద్ద ఆర్కెస్ట్రాలో మొదటి ట్రంపెట్ కుర్చీ. అందులో కూర్చున్నవాళ్ళు జుట్టు నెరిసేదాకా లేవరు, కాబట్టి అది ఖాళీ అవడమే అరుదు. ఖాళీ అయినప్పుడు దేశం నలుమూలల నుంచీ పోటీకి వస్తారు. చాలాసార్లు వెళ్ళాను, చాలాసార్లు తిరిగొచ్చాను. ఓడినప్పుడు కూడా నేను తక్కువదాన్నని అనిపించలేదు. ఆ రోజు ఇంకొకరు నాకంటే బాగా వాయించారు, అంతే.

నలభై దగ్గరపడుతుండగా మిడ్‌వెస్ట్‌లోని ఒక ఆర్కెస్ట్రాలో ఆ కుర్చీ ఖాళీ అయింది. మొదటి వడపోతలన్నీ దాటాను. బుధవారం ఫైనల్స్. మళ్ళీ ఇలాంటి కుర్చీ ఖాళీ అయ్యేనాటికి నా పెదవుల్లో ఈ బలం ఉంటుందో లేదో తెలియదు. అందుకే ఈసారి నాకు ఆ కుర్చీ కావాలి, ఎలాగైనా కావాలి. దారిలో అమ్మానాన్నలని చూసి వెళ్దామని శనివారం అరోరాలో ఆగాను.

అమ్మ చేగోడీలు చేసింది.

మా అమ్మ చేగోడీలకి ఊళ్ళో పేరుంది, రుచికి కాదు, గట్టితనానికి. ఇక్కడి ప్యాకెట్ బియ్యప్పిండి నీళ్ళలో సరిగ్గా ఉడకదని ఆమె వాదన. పిండి మారినా, స్టోర్ మారినా చేగోడీ మారలేదు. ట్రంపెట్‌వాళ్ళం ముందు పళ్ళతో ఏదీ కొరకం. ఆపిల్ కూడా ముక్కలు కోసుకునే తింటాం. చిన్నప్పటి నుంచీ నేను చేగోడీని పక్క పళ్ళ కింద పెట్టి, రోట్లో వేసినట్టు నెమ్మదిగా దంచుకుంటాను. ఆ రోజు అమ్మకి ఫైనల్స్ గురించి చేతులు తిప్పుతూ చెబుతున్నాను. ఎవరెవరు వస్తున్నారో, వాళ్ళందరినీ నేను ఎలా ఓడించబోతున్నానో. చెబుతూ చెబుతూ పరాకున ముందు పళ్ళతో కొరికాను.

టక్కుమంది.

“చేగోడీయేనా?” అంది అమ్మ, ఆశగా.

కాదు. వంకర పన్ను ముందుకి వచ్చిన ఆ మూల విరిగి నా అరచేతిలో బియ్యపుగింజలా పడింది. ట్రంపెట్ తెచ్చి ఊదాను. గాలి వచ్చింది, స్వరం రాలేదు. జీవితంలో మొదటిసారి నా వాయిద్యం నన్ను గుర్తుపట్టలేదు. అప్పుడు భయమేసింది. అమ్మ సింక్ దగ్గర నిలబడి చేగోడీలన్నీ చెత్తబుట్టలో పోసి ఏడ్చింది.

నాన్న టీవీ ఆపి వచ్చాడు. “నోరు తెరు,” అన్నాడు. ఫోన్ లైటు వేసి చూశాడు. “నర్వ్ దాకా పోలేదు. రేపు పొద్దున కట్టేస్తాను.”

అప్పటికి నాన్న రిటైరై క్లినిక్‌ని ఒక కుర్ర డాక్టరుకి అప్పగించాడు. అతనికి ఫోన్ చేసి తాళాలు అడిగి తెచ్చుకున్నాడు. ఆదివారం పొద్దున్న పిజ్జా షాపు ఇంకా తెరవలేదు. నాన్న కోటు వేసుకుని, కళ్ళకి భూతద్దాలు తగిలించుకుని, నన్ను కుర్చీలో వెనక్కి వాల్చాడు. మత్తు సూది తీశాడు.

“వద్దు నాన్నా. లిప్ నంబ్ అయితే టెస్ట్ చేయలేను.”

“నొప్పెడుతుందే.”

“ఓకే.”

సూది పక్కన పెట్టాడు. తెల్లటి ముద్ద కొద్దికొద్దిగా అంటించి, నీలం లైటు పెట్టి గట్టిపరిచి, అరగదీసి, మెరుగు పెట్టాడు. చల్లగాలి తగిలినప్పుడల్లా ప్రాణం జిల్లుమనేది. చివరికి అద్దం చేతికిచ్చాడు. ఆయన మొహంలో ఎన్నో ఏళ్ళ తృప్తి. చూసుకున్నాను. పన్ను ముత్యంలా ఉంది. తిన్నగా, పక్కదానితో వరస కలిపి, ఏ వంకా లేకుండా.

ట్రంపెట్ తీసి ఊదాను. గొంతు బొంగురుపోయినవాడు పాడినట్టుంది.

“పన్ను సూపర్, నాన్నా. సౌండ్ పోయింది.”

ఆయన కూడా అద్దంలోకి చూసి నుదురు కొట్టుకున్నాడు. “నేను కావాలని చేయలేదే. చేతులు వాటంతటవే తిన్నగా పెట్టేశాయి.”

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. జీవితమంతా వంకరలు సరిచేసిన చేతులు, వంకర పెట్టమంటే ఎలా పెడతాయి? నాన్న బయటికి వెళ్ళి కారులోంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో నా చిన్నప్పటి ప్లాస్టర్ పళ్ళు. క్లినిక్ ఇచ్చేసేటప్పుడు అందరి అచ్చులూ పారేశాడట, ఇదొక్కటి గరాజ్‌లో పెట్టుకున్నాడు.

“ఎందుకు దాచావ్?”

“ఏదో ఒక రోజు దారికొచ్చి బ్రేసెస్ వేయించుకుంటావని.”

మళ్ళీ పని మొదలుపెట్టాడు. తాను చేసిన ముత్యాన్ని తానే అరగదీసి, అచ్చు చూసుకుంటూ ఆ మూలని ముందుకి తెచ్చాడు. ఈసారి స్వరం పలికింది. కానీ పైకి ఎక్కుతుంటే జారిపోతోంది. అచ్చు చిన్నపిల్లది, నోరు పెద్దదానిది. మధ్యలో పళ్ళు ఎంత కదిలాయో ఏ ప్లాస్టరూ చెప్పదు. నాకు ధైర్యం సడలింది. బుధవారం వెళ్ళకపోతేనే నయమేమో అన్నాను.

“నువ్వు వాయిస్తూ ఉండు,” అన్నాడు నాన్న. భూతద్దాలు తీసేసి, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. “నీ ఆడిషన్ ముక్క వాయించు. ఇంటికొచ్చినప్పుడల్లా పొద్దున్నే లేవగానే వాయిస్తావే, అది.”

వాయించాను. ఆయన ఒక చెవి నా వైపు తిప్పి విన్నాడు. అరగదీసే యంత్రం తీసి పంటిని ఒక్కసారి తాకించాడు. మళ్ళీ వాయించమన్నాడు. మళ్ళీ తాకించాడు.

“పైకెక్కే చోట, స్వరం వచ్చే ముందు నీకు ఒక చిన్న పట్టు ఉంటుంది. తలుపు గడియ తీసినట్టు. అది ఇంకా రాలేదు.”

నా చేతిలో ట్రంపెట్ ఆగిపోయింది. ఆ పట్టు సంగతి నాకు పాఠం చెప్పిన గురువులకి తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

“నీకెలా తెలుసు? నువ్వు ఎప్పుడూ గరాజ్‌లోకి పారిపోయేవాడివి కదా?”

“గరాజ్ మీద నీ గదే కదే ఉంది,” అన్నాడు. “ఇంట్లో మీ అమ్మ మిక్సీ, టీవీ. అక్కడైతే చక్కగా వినబడేది. లేకపోతే గరాజ్‌లో నాకేం పని? ఇల్లంతటికీ ఉన్నది ఒక్క స్క్రూడ్రైవరు.”

నోరు మూసుకోవడం నా వల్ల కాదన్న మనిషి ముందు మొదటిసారి నోరు మూసుకున్నాను. ఆయన ఇదేమీ పట్టించుకోకుండా పన్ను వైపే చూస్తూ “కానీ, కానీ” అన్నాడు. వాయించాను. యంత్రం తాకింది. వాయించాను. కొంచెం ముద్ద అంటించాడు, లైటు పెట్టాడు, మళ్ళీ గీశాడు. పక్క లాండ్రీలో మెషిన్లు తిరగడం మొదలుపెట్టాయి. ఎన్నోసారో తెలియదు, పైకెక్కుతుంటే గడియ తీసినట్టు ఆ పట్టు దొరికింది. తలుపు తెరుచుకుంది. స్వరం పోయి అద్దాల కిటికీకి కొట్టుకుంది.

నాన్న యంత్రం కింద పెట్టాడు. లేచి నిలబడి, చూపుడువేలు ఎత్తి గబగబా ఆడించాడు.

అడగకుండానే అర్థమైంది. టచ్‌డౌన్ ముక్క అందుకున్నాను, ఉన్న ఊపిరంతా పెట్టి. లాండ్రీలోంచి ఎవరో వచ్చి అద్దంలోంచి తొంగిచూసి వెళ్ళారు.

బుధవారం ఫైనల్స్ జరిగిన హాల్లో న్యాయనిర్ణేతలకీ మాకూ మధ్య తెర కట్టారు. వాయించేది ఎవరో తెలియకూడదు. ఆడో మగో చెప్పుల చప్పుడు చెప్పేస్తుందని నడిచే దారంతా కార్పెట్ పరిచారు. నోరు విప్పి మాట్లాడకూడదు. పేరు లేదు, ఊరు లేదు, ఒక నంబరు మాత్రమే. తెర ఇవతల నాతో నా ఊపిరీ, నాన్న చేసిన పన్నూ ఉన్నాయి. మనసులో ‘ఇది నాకు వచ్చు’ అనుకున్నాను. ట్రంపెట్ ఆనించాను. గడియ తెరుచుకుంది.

సాయంత్రం మేము కూర్చున్న గదిలోకి ఒకావిడ వచ్చి ఒక నంబరు చదివింది. అది నాది. కరచాలనాలన్నీ అయ్యాక పార్కింగ్ లాట్‌లోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే నాన్న ఎత్తాడు.

“జారిందా?”

“జారలేదు నాన్నా.”

“పైకెక్కే చోట?”

“అక్కడ కూడా జారలేదు. చెయిర్ నాకే ఇచ్చారు.”

నాన్న ఫోన్ పక్కకి తిప్పి ఇల్లు అదిరిపోయేలా కేక పెట్టాడు.

“ఏమేవ్! నా పన్ను సెలెక్ట్ అయిందే!”